రే ట్రేసింగ్: కాంతి లెక్కలతో పుట్టే బొమ్మ

రే ట్రేసింగ్ అంటే కాంతి కిరణం నడిచే దారిని కంప్యూటర్ చేత లెక్క కట్టించి, ఆ లెక్క నుంచి బొమ్మను పుట్టించడం. ఏ వస్తువు ఎక్కడుందో, దేనితో తయారైందో, దీపం ఎక్కడ వెలుగుతోందో, చూసే కన్ను ఎక్కడుందో చెబితే చాలు. ఆ కంటికి ఆ దృశ్యం ఎలా కనిపించాలో సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. ఫొటోను తలపించే బొమ్మ ఇలా తయారుచేయడాన్ని రెండరింగ్ అంటారు. సినిమాలు, ప్రకటనలు, ఇంకా కట్టని ఇళ్ల నమూనాలు అన్నిటి వెనకా ఈ పనే ఉంది. దీనికి కావలసిన మేలైన సాఫ్ట్‌వేర్లు కొన్ని పూర్తిగా ఉచితం. సాధారణ ల్యాప్‌టాప్ మీదే నేర్చుకోవడం మొదలుపెట్టవచ్చు.

నిజ ప్రపంచంలో కాంతి దీపం నుంచి బయల్దేరి, వస్తువుల మీద పడి, అక్కడి నుంచి చెదిరి కంటికి చేరుతుంది. కానీ దీపం చిమ్మే కిరణాల్లో కంటిపాపలోకి వచ్చేవి అత్యల్పం. అన్నిటినీ వెంబడిస్తే లెక్కలో దాదాపు అంతా వృథాయే. అందుకే సాఫ్ట్‌వేర్ ఆ దారిని తిరగేస్తుంది. కంటి నుంచి, బొమ్మలోని ఒక్కో పిక్సెల్ గుండా ఒక్కో కిరణాన్ని దృశ్యంలోకి పంపి, అది మొట్టమొదట దేన్ని తాకుతుందో చూస్తుంది. తాకిన చోటు నుంచి దీపం వైపు మరో కిరణం వెళ్తుంది. మధ్యలో అడ్డమేదీ లేకపోతే ఆ చోటు వెలుగులో ఉన్నట్టు, అడ్డముంటే నీడలో ఉన్నట్టు. ఉపరితలం అద్దంలా నునుపైతే, పడిన కోణంతోనే పైకి లేచే కిరణాన్ని వెంబడించాలి. గాజైతే లోపలికి వంగే కిరణాన్ని కూడా పట్టుకోవాలి. పదో తరగతి భౌతికశాస్త్రంలో స్కేలు, కోణమానినితో గీసే కిరణ చిత్రాలే ఇవి. కంప్యూటర్ వాటిని లక్షల సార్లు, విసుగు లేకుండా గీస్తుంది.

ఈ ఊహ కంప్యూటర్ కన్నా చాలా పాతది. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1525లో అచ్చువేసిన ఒక చెక్కబ్లాకు బొమ్మలో ఇద్దరు మనుషులు ల్యూట్ అనే తంతి వాద్యం బొమ్మ గీస్తుంటారు. గోడకు కొట్టిన మేకు కన్ను ఉండే చోటు. అక్కడి నుంచి ఒక దారం చట్రం గుండా వెళ్లి వాద్యం మీది ఒక బిందువును తాకుతుంది. చట్రాన్ని దారం దాటిన చోటును కాగితం మీద గుర్తిస్తారు. ఒక దారం, ఒక బిందువు. మళ్లీ దారం, మళ్లీ బిందువు. కిరణానికి బదులు దారం ఉందన్న మాటే గానీ పద్ధతి ఇదే.

కంప్యూటర్ మీద దీన్ని 1968లో ఐబీఎంలో పనిచేసే ఆర్థర్ ఆపెల్ ప్రయోగించాడు. నీడ ఎక్కడ పడుతుందో కిరణాలతో కనిపెట్టాడు. అద్దాన్నీ గాజునూ కలుపుకొని, కిరణం తాకిన ప్రతిచోటా మళ్లీ కొత్త కిరణాలు పుట్టించే పద్ధతిని బెల్ ల్యాబ్స్‌లో టర్నర్ విటెడ్ రూపొందించాడు. 1980లో వెలువడిన ఆయన పరిశోధన పత్రంలో గళ్ల నేల మీద తేలే రెండు బంతుల బొమ్మ ప్రసిద్ధమైంది. ఆనాటి వాక్స్ కంప్యూటర్‌కు ఆ ఒక్క బొమ్మ లెక్కగట్టడానికి 74 నిమిషాలు పట్టింది. 1986లో జేమ్స్ కజియా, ఒక బిందువు నుంచి వచ్చే కాంతి మొత్తాన్నీ ఒకే సమీకరణంలో ఇమిడ్చాడు. దీపం నుంచి నేరుగా వచ్చేదే కాక గోడల మీద, నేల మీద పడి తిరిగి వచ్చే కాంతి కూడా అందులో లెక్కకు వస్తుంది. ఆ సమీకరణాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకున్న కిరణాల సగటుతో సాధించే పద్ధతి పేరు పాత్ ట్రేసింగ్. నేటి సినిమా రెండరర్లలో చాలావరకు దీన్నే నమ్ముకున్నాయి. పిక్సార్ సంస్థ కూడా 2013 నాటి మాన్‌స్టర్స్ యూనివర్సిటీ చిత్రంతో, ఇలా తిరిగి వచ్చే కాంతిని రే ట్రేసింగ్‌తో లెక్కించడం వైపు మళ్లింది.

కొత్తగా నేర్చుకునేవారి ముందు ప్రధానంగా రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఒకటి పావ్ రే, రెండోది బ్లెండర్‌లో భాగంగా వచ్చే సైకిల్స్. పావ్ రే వయసు మూడు దశాబ్దాలు దాటింది. డేవిడ్ బక్ రాసిన డీకేబీ ట్రేస్ అనే ప్రోగ్రామ్ నుంచి 1991లో పుట్టింది. కంప్యూసర్వ్ నెట్‌వర్క్‌లో కలుసుకున్న ఔత్సాహికులు జీతం భత్యం లేకుండా దాన్ని పెంచారు. 2002లో అంతరిక్ష యాత్రికుడు మార్క్ షటిల్‌వర్త్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు, ఫ్రెంచి కళాకారుడు జిల్ ట్రాన్ కూర్చిన ఒక దృశ్యాన్ని అక్కడే పావ్ రేతో రెండర్ చేశాడు. పావ్ రేలో మౌస్‌తో వస్తువులను లాగి అమర్చడం ఉండదు. దృశ్యాన్నంతా అక్షరాల్లో రాయాలి. బ్లెండర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. కళ్లముందు వస్తువును తిప్పుతూ, మలుస్తూ పనిచేయవచ్చు. టాన్ రోజెన్‌డాల్ దీన్ని తయారుచేశాడు. 2002లో ప్రజల నుంచి 1,00,000 యూరోలు పోగుచేసి ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. సైకిల్స్ అందులోకి 2011 డిసెంబరులో వచ్చింది.

ఉద్యోగం కోసం నేర్చుకునేవారికి బ్లెండర్ తప్పదు. అయినా మొదటి కొన్ని వారాలు పావ్ రేతో గడపడం మేలు. బ్లెండర్ తెరవగానే వందల మీటలు ఎదురవుతాయి. బొమ్మ బాగా వస్తే ఎందుకు బాగుందో, చెడితే ఎందుకు చెడిందో తెలియదు. పావ్ రేలో రాయనిది బొమ్మలో కనిపించదు. దీపం పెట్టకపోతే చీకటే. ప్రతి ఫలితానికీ కారణం ఫైలులో ఏదో ఒక వరుసలో దొరుకుతుంది. చూపును తీర్చిదిద్దడానికి ఇంతకన్నా మంచి బడి లేదు.

పావ్ రేలో మొదటి దృశ్యానికి కెమెరా, దీపం, నేల, బంతి చాలు. ప్రతి చోటునూ మూడు అంకెలతో చెప్పాలి. మొదటిది కుడి పక్కకు, రెండోది పైకి, మూడోది చూసేవారి నుంచి దృశ్యం లోపలికి కొలిచే దూరం. బంతికి స్ఫియర్ అనే మాట రాసి, ఫ్లవర్ బ్రాకెట్లలో దాని కేంద్రం <0, 1, 0> అనీ, వ్యాసార్ధం 1 అనీ ఇవ్వాలి. కేంద్రం ఎత్తు, వ్యాసార్ధం సమానం కాబట్టి బంతి సరిగ్గా నేలను ఆనుకుంటుంది. నేలకు ప్లేన్ అనే మాట. అది ఎత్తు 0 దగ్గర అంతూపొంతూ లేకుండా పరుచుకుంటుంది. కెమెరాను <0, 2, -6> దగ్గర పెట్టి బంతి కేంద్రం వైపు చూడమనాలి. దీపాన్ని ఎడమవైపు, ఎత్తులో, కెమెరాకు కాస్త వెనకగా <-10, 15, -10> దగ్గర వెలిగించాలి. రంగును ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లుగా 0 నుంచి 1 మధ్య అంకెలతో చెప్పాలి. ఇతర సాఫ్ట్‌వేర్ల అలవాటు కొద్దీ 255 అని వేస్తే తెల్లగా మండిపోయిన బొమ్మ వస్తుంది. ఫైలు మొదట్లో వెర్షన్ 3.7 అనీ, గామా విలువ 1.0 అనీ పేర్కొనడం మరవకూడదు. లేకపోతే వెలుగు లెక్క సరిగా ఉన్నా తెర మీద రంగులు తప్పుతాయి.

మొదట్లో ఎదురయ్యే చిక్కులు దాదాపు అందరికీ ఒకటే. బొమ్మ అంతా నల్లగా వచ్చిందంటే దీపం రాయలేదన్నమాట, లేదా కెమెరా నేల కిందకో బంతి లోపలికో పోయిందన్నమాట. బంతి కోడిగుడ్డులా సాగితే, బొమ్మ వెడల్పు ఎత్తుల నిష్పత్తి మారినా కెమెరాకు ఆ సంగతి చెప్పలేదని అర్థం. పావ్ రే తనంతట తాను 4:3 నిష్పత్తినే అనుకుంటుంది. బంతి అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తే యాంటీ అలియాసింగ్ అనే సదుపాయాన్ని వాడాలి. అంచు ఉన్న పిక్సెల్‌లోకి ఒకటికి బదులు పలు కిరణాలు పంపి సగటు తీయడమే అది.

బంతి వచ్చాక వస్తువులు చేయడం. బంతి, పెట్టె, స్థూపం, శంకువు లాంటి మూలాకారాలను ఒకదానితో ఒకటి కలపడం, ఒకదాని నుంచి మరొకటి తీసివేయడం పావ్ రే బలం. మంచినీళ్లు తాగే స్టీలు గ్లాసు దీనికి చక్కని అభ్యాసం. ఒక యూనిట్‌ను ఒక సెంటీమీటరుగా తీసుకుంటే, అడుగున 2.8, పైన 3.8 వ్యాసార్ధంతో 10 ఎత్తున్న శంకువు ముక్క బయటి గోడ అవుతుంది. కొంచెం సన్నటి మరో శంకువును అందులోంచి తీసివేస్తే గుల్ల ఏర్పడుతుంది. తీసివేసే ఆకారం పై అంచు దగ్గర సరిగ్గా 10 ఎత్తులోనే ఆగిపోతే రెండు తలాలూ ఒకేచోట పడతాయి. ఏది ముందుందో కంప్యూటర్ తేల్చుకోలేక అక్కడ మచ్చలు మచ్చలుగా వస్తుంది. దాన్ని 10.1 దాకా పొడిగిస్తే ఆ బెడద పోతుంది. అంచు మీద టోరస్ అనే సన్నటి కడియం వేస్తే గ్లాసుకు మూతి మడత కూడా వస్తుంది. చెంబు, బిందె లాంటి వాటికి పక్క రూపురేఖలోని బిందువులను మాత్రమే ఇచ్చి, నిట్టనిలువు అక్షం చుట్టూ తిప్పించే లేత్ అనే ఆకారం ఉంది. నిజం వస్తువును స్కేలుతో కొలిచి ఆ అంకెలే వాడితే బొమ్మలో నిజం సగం వచ్చేసినట్టే.

మిగిలిన సగం ఉపరితలంలో ఉంటుంది. నూతన అభ్యాసకులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. తెలుపు అంటే 1, 1, 1 అని రాసేస్తారు. లోకంలో ఏ తెల్ల వస్తువూ తన మీద పడ్డ కాంతినంతా తిరిగి ఇవ్వదు. తాజాగా వేసిన సున్నం గోడ కూడా కొంత మింగుతుంది. తెలుపును 0.8 దగ్గర ఆపి, ముదురు రంగులను కూడా కొద్దిగా తగ్గిస్తే బొమ్మకు ప్లాస్టిక్ వాసన తగ్గుతుంది. లోహాలకు మరో ధర్మం ఉంది. ప్లాస్టిక్ బంతి మీద మెరుపు దీపం రంగులో, తెల్లగా ఉంటుంది. ఇత్తడి మీద మెరుపు ఇత్తడి రంగులోనే ఉంటుంది. ఈ ఒక్క తేడా పాటించకపోతే ఎంత జాగ్రత్తగా చేసిన ఇత్తడి చెంబైనా పసుపు రంగు పూసినట్టే కనిపిస్తుంది.

గాజుకూ నీటికీ వక్రీభవన గుణకం ఇవ్వాలి. నీటికి 1.33, మామూలు గాజుకు 1.5, వజ్రానికి 2.42. చెరువు గట్టున నిలబడి చూస్తే పాదాల దగ్గర నీటి అడుగు కనిపిస్తుంది, దూరాన నీళ్లు ఆకాశాన్ని మాత్రమే చూపిస్తాయి. నిటారుగా చూసినప్పుడు నీరు 2 శాతం, గాజు 4 శాతం కాంతిని మాత్రమే వెనక్కి పంపుతాయి. చూపు వాలే కొద్దీ ఆ పాలు పెరిగిపోతుంది. దీన్ని ఫ్రెనెల్ ప్రభావం అంటారు. గాజును ఎక్కడ చూసినా ఒకేలా మెరిసేలా చేయడం పాత కంప్యూటర్ బొమ్మల్లో కొట్టొచ్చినట్టు కనిపించే లోపం. గాజు వస్తువులో నల్లటి మచ్చలు వస్తే కిరణం లోపల తిరిగి తిరిగి పరిమితి దాటిపోయిందని గ్రహించాలి. పావ్ రే ఒక కిరణాన్ని 5 అంచెల దాకానే వెంబడిస్తుంది. ఆ పరిమితిని 10కో 15కో పెంచితే గాజు తేటపడుతుంది.

అన్నీ సరిగ్గా చేసినా స్టీలు గ్లాసు బూడిద రంగులో చచ్చుగా ఉండటం మామూలే. లోపం గ్లాసులో ఉండదు. నునుపైన లోహానికి తనదంటూ రూపం తక్కువ, చుట్టూ ఉన్నదే అందులో కనిపిస్తుంది. శూన్యంలో నిలబెడితే శూన్యమే కనిపిస్తుంది. చుట్టూ ఆకాశమో, గోడలో, కనీసం ఒక తెల్లటి పలకో పెడితే ప్రాణం వస్తుంది. చుట్టుపక్కల దృశ్యాన్నంతా పట్టిన ప్రత్యేక ఫొటోతో వెలుగు నింపే పద్ధతిని పాల్ డెబెవెక్ 1998లో వివరించాడు. హెచ్‌డీఆర్‌ఐ అని పిలిచే అలాంటి ఫొటోలు పాలీ హావెన్ అనే వెబ్‌సైట్‌లో ఏ షరతూ లేకుండా ఉచితంగా దొరుకుతాయి.

బొమ్మను ఫొటోగా నమ్మించేది అన్నిటికన్నా ఎక్కువగా నీడ. పావ్ రేలో మామూలు దీపం కొలతలేని బిందువు. దాని నీడ అంచు కత్తితో కోసినట్టుంటుంది. లోకంలో అలాంటి దీపం లేదు. సూర్యుడు కూడా ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకే కొబ్బరిచెట్టు మొదలు నీడ నేల దగ్గర స్పష్టంగా ఉండి, పైనున్న ఆకుల నీడకు వచ్చేసరికి అంచులు చెదిరిపోతాయి. వెడల్పున్న దీపాన్ని ఏరియా లైట్ అంటారు. బిందువుకు బదులు దాన్ని పెడితే వచ్చే తేడా చూసినవారు మళ్లీ బిందువు దీపం జోలికి పోరు. గది లోపలి బొమ్మకు ఇదీ చాలదు. కిటికీ నుంచి పడ్డ ఎండ నేల మీద చిన్న ముక్కే అయినా గదంతా వెలుగుతుంది, ఎర్ర తివాచీ పక్కనున్న గోడకు ఎర్రని ఛాయ అంటుతుంది. వస్తువు నుంచి వస్తువుకు చేరే ఈ కాంతిని పావ్ రే రేడియోసిటీ అనే సదుపాయంతో లెక్కిస్తుంది. దాన్ని వాడినప్పుడు, చీకటిని కృత్రిమంగా తగ్గించడానికి పెట్టే యాంబియంట్ విలువ సున్నాగా ఉండాలి. లేకపోతే ఒకే వెలుగును రెండుసార్లు కలిపినట్టవుతుంది. నీళ్ల గ్లాసు గుండా పోయిన ఎండ బల్ల మీద గీసే వెలుగు చారలు కావాలంటే ఫోటాన్ మ్యాపింగ్ అవసరం. అక్కడ మాత్రం కిరణాలు దీపం నుంచే బయల్దేరతాయి.

ఇంత తెలిసినవారికి సైకిల్స్ అలవాటు కావడం కష్టం కాదు. బ్లెండర్‌లో మామూలుగా ఉండే ఈవీ అనే వేగవంతమైన రెండరర్‌కు బదులు సైకిల్స్‌ను ఎంచుకుని, ఎఫ్12 నొక్కితే బొమ్మ మొదలవుతుంది. ప్రిన్సిపుల్డ్ అనే ఒకే పదార్థంలో రంగు, లోహగుణం, గరుకుదనం, వక్రీభవన గుణకం అన్నీ అమర్చుకోవచ్చు. వీటిలో గరుకుదనం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. నిజం స్టీలు గ్లాసుకు వేలిముద్రలుంటాయి, తోమిన గీతలుంటాయి. గరుకుదనాన్ని ఒకే అంకెగా ఉంచక, ఒక నలుపు తెలుపు చిత్రంతో చోటును బట్టి మార్చితే వస్తువు వాడకంలో ఉన్నట్టు కనిపిస్తుంది.

సైకిల్స్ యాదృచ్ఛిక కిరణాలతో పనిచేస్తుంది కాబట్టి బొమ్మ మొదట ఇసుక చల్లినట్టు గింజలు గింజలుగా ఉండి క్రమంగా కుదురుకుంటుంది. ఆ గింజలను నాయిస్ అంటారు. పిక్సెల్‌కు పంపే కిరణాలను నాలుగు రెట్లు చేస్తేనే నాయిస్ సగమవుతుంది. అంటే కిరణాలు పెంచి మాత్రమే బొమ్మను శుభ్రం చేయాలనుకుంటే కాలం చాలా ఖర్చవుతుంది. 2019లో బ్లెండర్ 2.81తో వచ్చిన ఇంటెల్ ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ ఈ బాధను చాలావరకు తీర్చింది. కాకపోతే నాయిస్ మరీ ఎక్కువున్నప్పుడు దాన్ని వాడితే చెక్క గీతలు, బట్ట నేత లాంటి సన్నని వివరాలు మైనం పూసినట్టు కరిగిపోతాయి. ముందు దీపాలను పెద్దవి చేసి, చిన్న కిటికీ గుండా మాత్రమే వెలుగు వచ్చే కష్టమైన అమరికలను తగ్గించి, ఆ తర్వాతే దాన్ని ఆశ్రయించాలి.

కాలం విషయంలో ఒక చిన్న గుణకారం గుర్తుంచుకోవాలి. 640 × 480 బొమ్మలో 3,07,200 పిక్సెళ్లు ఉంటాయి. వెడల్పు, ఎత్తు రెండింతలు చేస్తే పిక్సెళ్లతో పాటు సమయం కూడా నాలుగింతలవుతుంది. అందుకే దీపాన్ని జరపడం, కెమెరా కోణం వెతకడం అంతా 320 × 240 పరిమాణంలో చేసి, అన్నీ కుదిరాకే పెద్ద బొమ్మకు పోవాలి. పావ్ రేకు గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ప్రాసెసర్‌తోనే పని. సైకిల్స్‌కు మంచి కార్డు ఉంటే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కిరణం వస్తువు ఉపరితలంలోని ఏ త్రిభుజాన్ని తాకుతుందో వెతికే పనికి ప్రత్యేక సర్క్యూట్లున్న ఆర్‌టీఎక్స్ కార్డులను ఎన్‌విడియా 2018లో తెచ్చింది. ఇంటెల్ 2022లో తెచ్చిన ఆర్క్ కార్డుల్లోనూ ఆ ఏర్పాటు ఉంది. అప్పట్లో ఇంటెల్ గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపిన రాజా కోడూరి తెలుగువారు.

సాధనకు మంచి మార్గం, ఇంట్లోని ఒక మూలను ఎంచుకుని ఫొటో తీసి, దాన్ని రెండరింగ్‌లో తిరిగి నిర్మించడం. ఫొటోనూ రెండర్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ నీడ ఎక్కువ చిక్కనైందో, ఏ అంచు మరీ పదునుగా ఉందో కన్నే చెబుతుంది. నిజం వస్తువులకు పదునైన అంచు అరుదు. బల్ల మూలను కూడా కొద్దిగా గుండ్రం చేస్తేనే ఆ అంచు వెంబడి సన్నటి వెలుగు గీత పడుతుంది. గళ్ల నేల, అద్దం బంతి మీద ఆగిపోకుండా ఇలా ఎదురుగా ఉన్నదాన్ని గమనించి చేసినవారే త్వరగా ఎదుగుతారు.

సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకునేవారికి రెండు పుస్తకాలు ఉన్నాయి, రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. పీటర్ షర్లీ రాసిన రే ట్రేసింగ్ ఇన్ వన్ వీకెండ్, సొంతంగా చిన్న రే ట్రేసర్‌ను అంచెలంచెలుగా రాయిస్తుంది. సి ప్లస్ ప్లస్ కొద్దిగా వస్తే చాలు. మ్యాట్ ఫార్, గ్రెగ్ హంఫ్రీస్ మొదలుపెట్టిన ఫిజికల్లీ బేస్డ్ రెండరింగ్ అనేది పూర్తిస్థాయి గ్రంథం. 2014లో దానికి ఆస్కార్ సంస్థ సాంకేతిక పురస్కారం దక్కింది. అందులో ప్రోగ్రామ్, దాని వెనకున్న గణితం పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి కలనగణితం, సంభావ్యత ఇంటర్ స్థాయి దాటి కాస్త చదివినవారికే అది ఉపయోగపడుతుంది.